విప్పుకోని మూట: లినక్స్ ఇన్‌స్టలేషన్‌లో చెడిన ఫైళ్ళను గుర్తించే పద్ధతి

కంప్యూటరు చేత పని చేయించే మూల వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అట్టి వ్యవస్థలలో లినక్స్‌కు ఒక విశిష్ట స్థానము కలదు. 1991లో ఫిన్లాండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనికి అంకురార్పణ చేసినాడు. దీనిని ఎవరైనను మూల్యము చెల్లింపకయే తెచ్చుకొనవచ్చును, లోపలి నిర్మాణమును పరిశీలింపవచ్చును, మార్చుకొని పదిమందికి పంచవచ్చును. మన దేశమున సీ-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ లినక్స్ తెలుగు మున్నగు భారతీయ భాషలకు చోటిచ్చినది. స్వేచ్ఛ సంస్థ వారు కూడ తెలుగులో పనిచేసే లినక్స్ కొరకు కృషి చేసిరి.

నేడు ఈ విషయము మనకు మరింత అవసరమైనది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతి వ్యవస్థను మోయలేని పాత కంప్యూటర్లకు రెండే దారులు: మూలన పడుట, లేదా లినక్స్‌తో మరికొన్ని ఏండ్లు సేవ చేయుట. చంద్రగిరి వంటి ఊళ్ళలో కొత్త యంత్రము కొనలేని విద్యార్థికి రెండవ దారియే దిక్కు.

కాని ఆ దారిలో తరచుగా ఒక అడ్డు ఎదురవుతుంది. ఇన్‌స్టలేషన్ సగము దూరము నడచి, "ఫైలు చెడినది, విప్పుటకు వీలు లేదు" అను భావము గల ఆంగ్ల సందేశముతో ఆగిపోతుంది. విద్యార్థి మరల మొదలుపెడతాడు. మరల అక్కడనే ఆగుతుంది. మూడవ పర్యాయము విసిగి విడిచిపెడతాడు. అప్పటికే డిస్కులోని పాత వ్యవస్థ తుడిచిపెట్టుకొని పోయి ఉంటుంది. దానితోపాటు ప్రాజెక్టు నివేదికలు, ఫోటోలు కూడ పోయి ఉండవచ్చును. ఈ నష్టము నివారింపదగినది. ఎట్లు నివారింపవలెనో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

ఆర్కైవు అనగా నేమి?

అనేకమైన ఫైళ్ళను ఒకే మూటగా కట్టి ఉంచినదానిని ఆర్కైవు అంటారు. యూనిక్స్ వ్యవస్థలో 1979 నాటికే టార్ అను సాధనము ఈ మూట కట్టే పని చేసినది. మూట కట్టిన తరువాత దాని పరిమాణమును తగ్గించుటకు కుదింపు జరుగుతుంది. 1992లో జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ అను వారు వెలువరించిన జీజిప్ అట్టి సాధనములలో ప్రసిద్ధమైనది. లినక్స్ ఇన్‌స్టలేషన్ అనగా ప్రధానముగా ఇట్టి మూటలను ఒకదాని వెంట ఒకటి విప్పి డిస్కుపై సర్దుటయే.

కుదింపు రహస్యమును మన దస్తావేజుల నుండి తెలిసికొనవచ్చును. భూమి క్రయపత్రములో సర్వే నంబరు, హద్దులు మొదట ఒకసారి వివరముగా వ్రాసి, తరువాత "సదరు భూమి" అని మాత్రమే వ్రాస్తారు. 1977లో లెంపెల్, జివ్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన పద్ధతి సరిగా ఇట్టిదే. ఒకసారి వచ్చిన అక్షరముల వరుస మరల వచ్చినప్పుడు దానిని తిరిగి వ్రాయక, "ఇంత వెనుకకు పోయి ఇన్ని అక్షరములు తీసికొనుము" అని సూచన మాత్రమే వ్రాయబడుతుంది.

లాభము ఎక్కడ ఉన్నదో ప్రమాదమును అక్కడనే ఉన్నది. దస్తావేజు మొదటి పుట చినిగినచో తరువాతి పుటలలోని "సదరు" అను మాటలన్నియు నిరర్థకములవుతాయి. సాధారణ తెలుగు పాఠములో ఒక బైటు చెడినచో సాధారణముగా ఒక అక్షరము వికృతమగును, మిగిలినదానిని చదువుకొనవచ్చును. కుదించిన మూటలో ఒక్క బిట్టు తారుమారైనను అక్కడి నుండి ముందుకు సాగుట అసాధ్యము కావచ్చును.

చెడినట్లు యంత్రమునకు ఎట్లు తెలియును?

చిల్లర అంగడి పద్దుల పుస్తకములో పుట చివర మొత్తము వేస్తారు. పద్దులలో ఒకటి చెరిగినచో మొత్తము సరిపోదు. అయితే మొత్తమునకు ఒక లోపము కలదు. 4729 అను సంఖ్యలోని అంకెల మొత్తము 22. తొందరపాటున 7429 అని వ్రాసినను మొత్తము 22 మాత్రమే. తప్పు దొరకలేదు. మొత్తమునకు బదులు 11 చేత భాగించి శేషమును చూడుడు. 4729కి శేషము 10. 7429కి శేషము 4. తప్పు వెంటనే పట్టుబడినది.

ఇట్టి శేష గణితమునే ద్విసంఖ్యలకు అన్వయించి 1961లో వెస్లీ పీటర్సన్ ప్రచురించిన పద్ధతికి సీ.ఆర్.సీ. అని పేరు. జీజిప్ మూట చివరి 8 బైట్లలో 4 బైట్లు ఈ శేషము, 4 బైట్లు విప్పిన తరువాత ఉండవలసిన పరిమాణము. యంత్రము మూటను విప్పి, తాను లెక్కించిన శేషమును చివర వ్రాసి ఉన్నదానితో పోల్చుతుంది. 32 బిట్ల శేషమునకు 429,49,67,296 విధములు ఉన్నవి గనుక యాదృచ్ఛికమైన తప్పు తప్పించుకొనుట అత్యంత దుర్లభము. ఇది తప్పు ఉన్నదని చెప్పగలదే గాని, దానిని సరిదిద్దలేదు. కావున చెడిన మూటను బాగుచేయు ప్రయత్నము వృథా. మంచి ప్రతిని తెచ్చుకొనుటయే మార్గము.

సందేశముల అర్థము

విద్యార్థులు మొదట చేయవలసినది సందేశమును అక్షరము పొల్లుపోకుండ నోటుపుస్తకములో వ్రాసికొనుట. అన్ని సందేశములు ఒకే రోగమును చెప్పవు.

"అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్" అనగా మూట మధ్యలోనే తెగిపోయినదని భావము. డౌన్‌లోడు పూర్తి కాలేదన్నమాట.

"నాట్ ఇన్ జీజిప్ ఫార్మాట్" అనగా అది అసలు జీజిప్ మూటయే కాదు. వైఫై లాగిన్ పుటయో, "ఫైలు లేదు" అను పుటయో ఆ పేరుతో సేవ్ అయి ఉండవచ్చును. పరిమాణము చూచినచో కొన్ని కిలోబైట్లు మాత్రమే ఉండి గుట్టు బయటపడుతుంది.

"సీ.ఆర్.సీ. ఎర్రర్" అనగా చివరి వరకు చేరినను లోపల బిట్లు మారినవి.

"ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" అనగా పెన్‌డ్రైవు, డీవీడీ లేదా హార్డ్‌డిస్కు చదువుటకో వ్రాయుటకో నిరాకరించుచున్నది.

"నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అనగా మూటలో దోషము లేదు. విప్పి పెట్టుటకు చోటు చాలలేదు.

"హాష్ సమ్ మిస్‌మ్యాచ్" అనునది నెట్ నుండి ప్యాకేజీలు తెచ్చు దశలో వస్తుంది. వచ్చిన ఫైలు, జాబితాలోని ముద్ర ఒకదానితో ఒకటి సరిపడలేదని దాని అర్థము. కొంతసేపు ఆగి, లేదా మరొక మిర్రర్ సర్వరును ఎన్నుకొని చూడవలెను.

పాత యంత్రములలో మరొక చిత్రము కలదు. మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోయినచో గడియారము ఎన్నో ఏండ్లు వెనుకకు పోతుంది. అప్పుడు మంచి జాబితాను కూడ "ఇది ఇంకను చెల్లుబాటు కాదు" అని యంత్రము తిరస్కరిస్తుంది. తేదీని సరిచేసినచో చాలును.

పరీక్షింపవలసిన వరుస

చిత్తూరు సీమలో పాడి గల కుటుంబములు అనేకము. పల్లెలో పితికిన పాలు మొదట సేకరణ కేంద్రమునకు, అక్కడి నుండి శీతల కేంద్రమునకు, ఆపై డెయిరీకి చేరుతాయి. డెయిరీలో పాలు విరిగినవని తెలిసినచో ఆవును నిందింపరు. ఏ మజిలీలో చెడినవో చూస్తారు. లినక్స్ ఫైలుకు కూడ మజిలీలు ఉన్నవి: సర్వరు, డౌన్‌లోడు చేసిన డిస్కు, పెన్‌డ్రైవు, యంత్రము జ్ఞాపకశక్తి అనగా ర్యామ్, చివరకు హార్డ్‌డిస్కు. ఈ వరుసలోనే పరీక్షింపవలెను.

మొదటిది డౌన్‌లోడు. లినక్స్ పంపిణీదారులు ఐ.ఎస్.ఓ. ఫైలుతోపాటు దాని షా-256 ముద్రను కూడ ప్రకటిస్తారు. ఇది 64 చిహ్నముల వరుస, వ్రేలిముద్ర వంటిది. లినక్స్‌లో షా256సమ్ అను ఆజ్ఞతోను, విండోస్‌లో సర్ట్‌యుటిల్ అను ఆజ్ఞతోను మన ప్రతి ముద్రను లెక్కింపవచ్చును. మొదటి నాలుగు చిహ్నములు కలిసినవని సంతృప్తి పడరాదు. వరుస అంతయు సరిచూడవలెను. సరిపోలనిచో మరల తెచ్చుకొనవలెను. విద్యుత్తు, నెట్ తరచుగా పోయే చోట టొరెంటు మేలు. అది ఫైలును ముక్కలుగా తెచ్చి ముక్క ముక్కనూ సరిచూచుకొంటుంది.

రెండవది పెన్‌డ్రైవు. ముద్ర సరిపోయినను ఇన్‌స్టలేషన్ ఆగినచో దీనినే అనుమానింపవలెను. వ్రాత పూర్తికాకముందే ఊడలాగుట ఒక కారణము. చౌకగా అమ్మే నకిలీ పెన్‌డ్రైవు మరొక కారణము. పైన 64 జీబీ అని చూపును, లోపల అందులో కొంత భాగమే ఉండును. ఎఫ్3 అను సాధనము ఈ మోసమును బయటపెడుతుంది. ఉబుంటు వంటి పంపిణీలలో పెన్‌డ్రైవును సరిచూచే వసతి దానిలోనే ఉన్నది. దానిని తొందరలో దాటవేయరాదు.

మూడవది ర్యామ్. దోషము ప్రతిసారి ఒకే ఫైలు వద్ద వచ్చినచో ఫైలునో పెన్‌డ్రైవునో అనుమానింపవలెను. ప్రతిసారి వేర్వేరు చోట్ల వచ్చినచో ర్యామ్‌ను అనుమానింపవలెను. మెమ్‌టెస్ట్86+ ను ఒక రాత్రి అంతయు నడిపి, తప్పు చూపినచో ర్యామ్ ముక్కలను ఒక్కొక్కటిగా తీసి చూడవలెను.

నాల్గవది హార్డ్‌డిస్కు. స్మార్ట్‌సీటీఎల్ అను ఆజ్ఞ దాని ఆరోగ్యమును చెబుతుంది.

ఒక పర్యాయము ఒక్క మార్పు మాత్రమే చేయవలెనన్నది ప్రయోగశాల నియమము. పెన్‌డ్రైవు, ర్యామ్ ఒకేసారి మార్చినచో యంత్రము నడువవచ్చును గాని, దోషము ఎందులో ఉండెనో ఎన్నటికిని తెలియదు.

నకలు, మూలము

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టినది కాదు. తాళపత్రములకు నకళ్ళు వ్రాసినవారి చేతులలో పాఠములు మారుచునే వచ్చినవి. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యమునకు అనేక ప్రతులు తెప్పించి, వాటిని పోల్చి పాఠము నిర్ణయింపజేసినాడు. ఆయనకు కవి స్వహస్త లిఖితము దొరకలేదు. ఉన్న నకళ్ళ నుండి మూలమును ఊహింపవలసి వచ్చినది. మనకు ఆ శ్రమ లేదు. మూల గ్రంథకర్తయే తన ప్రతి ముద్రను ప్రకటించినాడు. దానితో పోల్చుకొనుటకు ఒక నిమిషము చాలును. ఆ నిమిషమును మనము వెచ్చించుట లేదు.

ముద్రను ఎక్కడి నుండి గ్రహించుచున్నామన్నది కూడ ముఖ్యమే. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, 17.3 సినమన్ ప్రతి లింకును తాము మార్చిన ఫైలు వైపు మళ్ళించిరి. ఫైలు, ముద్ర రెండును ఒకే చోట ఉన్నప్పుడు దొంగ రెండింటిని మార్చగలడు. అందువలననే పంపిణీదారులు ముద్రల జాబితాపై డిజిటల్ సంతకము కూడ చేస్తారు. పాత ఎం.డీ.5 ముద్రను భద్రతకు నమ్మరాదు. ఒకే ముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్ళను సృష్టింపవచ్చునని 2004లోనే రుజువైనది.

ముగింపు

విద్యార్థులారా! డిస్కుపై మార్పులు వ్రాసే ముందు ఇన్‌స్టాలరు మన అంగీకారము అడుగుతుంది. పై పరీక్షలన్నియు ఆ ప్రశ్నకు ముందు జరుగవలసినవి. మీ ఫైళ్ళకు వేరొక చోట నకలు ఉన్నదా, ఐ.ఎస్.ఓ. ముద్ర కలిసినదా, పెన్‌డ్రైవు పరీక్షలో నెగ్గినదా, ర్యామ్, డిస్కు ఆరోగ్యముగా ఉన్నవా అను నాలుగింటికి "అవును" అని చెప్పగలిగిననే ముందుకు సాగుడు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. కంప్యూటరు గదిలో పరీక్షించిన ఒక లినక్స్ ప్రతిని, దాని ముద్రను, ఎదురైన సందేశములను వాటి పరిష్కారములను తేదీలతో వ్రాసే ఒక పుస్తకమును ఉంచినచో, ఒకరు పడిన శ్రమ మరొకరు పడనక్కరలేదు. దీనికయ్యే ఖర్చు ఒక పెన్‌డ్రైవు, ఒక నోటుపుస్తకము.