చేతిలో పని - మనసులో గమ్యం

“చదవకపోతే మెకానిక్ షెడ్డుకు పోతావురా!” తరగతి గదిలో ఈ మాట మేము ఎన్నిసార్లు అన్నామో లెక్కలేదు. ఇన్నేళ్ళ బోధన తరువాత వెనక్కి చూసుకుంటే అది మా తప్పేనని ఒప్పుకోక తప్పదు. పని నేర్చుకోవడాన్ని మేము శిక్షగా చెప్పాము. ఆ మాట విన్న పిల్లవాడి తండ్రి పంక్చర్లు వేసే ఫీజు కడుతున్నాడన్న సంగతి మరచిపోయాము.

మన ధర్మం చేతిపనిని ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. దావూద్ (అలైహిస్సలాం) గారికి కవచాల తయారీ నేర్పినట్లు దివ్య ఖుర్ఆన్ తెలుపుతుంది. జకరియ్యా (అలైహిస్సలాం) గారు వడ్రంగి అని హదీసు చెబుతుంది.

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉంది. ఒక అన్సారీ సహాయం కోరి దైవప్రవక్త (సల్లం) వద్దకు వచ్చారు. ఆయన ఇంట్లో ఉన్నవి ఒక దుప్పటి, ఒక నీళ్ళ పాత్ర. ప్రవక్త (సల్లం) వాటిని తెప్పించి, వేలం వేసి, 2 దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దానితో గొడ్డలి తెప్పించి, స్వయంగా పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, 15 రోజుల వరకు కనిపించవద్దని చెప్పి పంపారు. ఆయన 10 దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చారు.

ఇందులో మూడు పాఠాలున్నాయి. మొదట ఆకలి తీర్చాలి. తరువాత పనిముట్టు ఇవ్వాలి. ఆపైన ఏం చేయాలో, ఎన్నాళ్ళు చేయాలో స్పష్టంగా చెప్పాలి. మన సహాయం చాలాసార్లు మొదటి పాఠం దగ్గరే ఆగిపోతోంది.

మూడో పాఠమే గమ్యం. పదో తరగతి పిల్లలను “ఏమవుతావు?” అని అడిగితే “గల్ఫ్ వెళ్తాను సార్” అంటారు. “ఏ పని మీద?” అంటే “ఏదో ఒకటి” అంటారు. ఏ పనీ రానివాడు అక్కడ హెల్పరుగానే మిగిలిపోతాడు. వెల్డింగ్ నేర్చి సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళినవాడు వెల్డరుగా జీతం అడగగలడు.

అందుకే ఇప్పుడు మేము పిల్లల చేత నోటుబుక్కులో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయిస్తున్నాము. ఏ పని అంటే ఇష్టం? ఎక్కడ నేర్చుకోవాలి? ఎన్నాళ్ళు పడుతుంది? ఐదేళ్ళకు ఎక్కడ ఉండాలి? ఐటిఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు 2 ఏళ్ళు, వెల్డర్ ఏడాది. ఆ తరువాత 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ ఫ్యాక్టరీలో పని నేర్చుకోవచ్చు. ఆడపిల్లలకు కూడా ఈ తలుపులు తెరిచే ఉన్నాయి.

షెడ్డులో నేర్చుకున్న పిల్లవాడి చేతిలోనూ నైపుణ్యం ఉంటుంది. కాని కాగితం లేక పెద్ద కంపెనీ గేటు దాటలేడు. ఐటిఐకి పంపుదామంటే ఆ రెండేళ్ళు అతని కూలి లేక ఇల్లు గడవదు. పేద తల్లి ఆగిపోయేది ఇక్కడే.

దాతలైన పెద్దలకు మా మనవి ఇదే. రమజానులో బియ్యం సంచి ఇవ్వండి, అది ఆపవద్దు. దానితోపాటు ఒక పిల్లవాడు కోర్సు పూర్తి చేసేదాకా ఆ ఇంటి ఖర్చులో కొంత భరించండి. చదువు ముగిశాక ఒక పనిముట్ల పెట్టె కొనివ్వండి. వర్క్‌షాపు ఉన్నవారు ఒకరిని పనిలోకి తీసుకోండి. ఈ రోజు తీసుకున్న చేయి రేపు జకాత్ ఇచ్చే చేయి కావాలని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.