పరాయి రేవులో ఓడ తనిఖీ: ఇన్‌స్పెక్టర్ల శిక్షణ

ఓడ భద్రతకు మొదటి బాధ్యత అది ఏ దేశ జెండాతో తిరుగుతోందో ఆ దేశానిదే. ఆ దేశం పట్టించుకోకపోతే? 1978 మార్చిలో లైబీరియా జెండా ఉన్న అమోకో కాడిజ్ ట్యాంకర్ ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో విరిగి, సుమారు 2.2 లక్షల టన్నుల చమురు సముద్రం పాలైంది. ఆ విపత్తు ఒత్తిడితో 1982లో ఓడల తనిఖీపై పారిస్ ఒప్పందం కుదిరింది. విదేశీ ఓడలను రేవు దేశమే తనిఖీ చేసే ఈ విధానం పేరు పోర్ట్ స్టేట్ కంట్రోల్. తర్వాత టోక్యో ఒప్పందం (1993), భారత్ సభ్యురాలైన హిందూ మహాసముద్ర ఒప్పందం (1998) వచ్చాయి.

ఇన్‌స్పెక్టర్లు ఎక్కువగా అనుభవమున్న నావికాధికారులు, మెరైన్ ఇంజినీర్లు. టోక్యో ఒప్పంద దేశాల అధికారులకు జపాన్‌లోని యోకొహామాలో శిక్షణ ఇస్తారు. ఓడ భద్రతపై సోలాస్ (1974), కాలుష్య నివారణపై మార్పోల్, సిబ్బంది శిక్షణపై ఎస్‌టీసీడబ్ల్యూ (1978), నావిక కార్మిక ఒప్పందం (2006) నిబంధనలు చదివితే సరిపోదు. లైఫ్‌బోటు దింపించాలి, అత్యవసర అగ్నిమాపక పంపు నడిపించాలి, సిబ్బందితో డ్రిల్ చేయించి చూడాలి. అసలు కష్టం నిర్ణయంలో ఉంది: పత్రాలు సరిగా ఉన్నా లోపముందనడానికి స్పష్టమైన ఆధారం కనిపిస్తే లోతైన తనిఖీకి దిగాలి, ప్రమాదకరమైతే ఓడను నిలిపేయాలి, అకారణంగా మాత్రం ఆలస్యం చేయకూడదు. శిక్షణలో ఎక్కువ సమయం దక్కాల్సింది ఈ వివేచనకే.

గుర్తుంచుకోండి: భారత్‌లో ఈ తనిఖీల బాధ్యత ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్‌ది.