గురి వేరు, ఏర్పాటు వేరు

పాఠ్యభాగము: నెహెమ్యా 1 నుండి 6 అధ్యాయములు



సంవత్సరారంభ కూటములో మనము అనేక తీర్మానములు చేసికొందుము. ఈ యేడు అప్పు తీర్చవలెను, పిల్లను పై చదువు చదివింపవలెను, మందిరమునకు పైకప్పు వేయవలెను అందుము. ఇవి మంచివే గాని గురులు మాత్రమే. చేరవలసిన చోటును చూపునది గురి. అక్కడికి ఎవరు, ఎప్పుడు, దేనితో, ఏ దారిని పోవలెనో తేల్చునది ఏర్పాటు. మొదటిది పలికి రెండవదియు చేసితిమని తలంచుటవలననే, డిసెంబరు వచ్చునప్పటికి తీర్మానములు మినిట్సు పుస్తకములోనే మిగిలిపోవుచున్నవి.

నెహెమ్యాను చూడుడి. యెరూషలేము గోడ కూలియున్నదను వార్త అతడు కిస్లేవు మాసమున వినెను. ఏడ్చెను, ఉపవాసముండి ప్రార్థించెను. రాజు ఎదుట ఆ మాట ఎత్తినది నీసాను మాసమున, అనగా సుమారు నాలుగు నెలలకు. ఆ నెలలు ఊరక పోలేదు. రాజు అడిగిన వెంటనే ఎంతకాలము పట్టునో చెప్పగలిగెను. నది యవతలి అధికారులకు ఉత్తరములు, మ్రానులకొరకు ఆసాపునకు ఒక ఉత్తరము కావలెననెను. యెరూషలేము చేరిన పిమ్మట రాత్రివేళ కొద్దిమందితో పోయి కూలిన గోడను కన్నులార చూచి వచ్చెను. మూడవ అధ్యాయము పేర్ల పట్టీ యని మనము త్వరగా దాటిపోదుము. అయితే పని పంచిన విధమంతయు అక్కడనే యున్నది. పలువురు తమ యిండ్లకెదుటనున్న భాగమునే బాగుచేసిరి. శత్రువులు బెదిరించినప్పుడు సగముమంది కట్టుచుండగా సగముమంది ఈటెలు పట్టి నిలిచిరి. ఏర్పాటు మారెను, గురి మారలేదు. 52 దినములలో గోడ ముగిసెను (6:15).

ముందుగా లెక్కలు వేయుట అవిశ్వాసమని కొందరు యాకోబు 4వ అధ్యాయమును చూపుదురు. అక్కడ ఖండింపబడినది లెక్క కాదు, రేపటి దినము మన చేతిలోనే యున్నట్లు అతిశయపడుట. గోపురము కట్టువాడు ముందే ఖర్చు ఎంచుకొనవలెనని ప్రభువే నేర్పెను (లూకా 14:28).

మన పల్నాటిలోనే దీనికి కనబడు సాక్ష్యము కలదు. కృష్ణానది ప్రక్కనే పారుచున్నను, మాచర్ల, గురజాల పొలములు వానకొరకు ఆకాశమువైపు చూచుచుండెడివి. శ్రీనాథుని పేర వినబడు చాటువులు మన జొన్నకూటిని ఎగతాళి చేసినవి గదా! నీరు కావలెనను గురి మన పెద్దలకు ఎప్పుడును ఉండెను. 1955 డిసెంబరు 10న నందికొండయొద్ద నెహ్రూగారు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. నడుమ దాదాపు 12 ఏండ్లు రాతిపని, మట్టిపని జరిగెను. ఆనకట్ట కట్టినంత మాత్రమున చేను తడియదు. కుడి కాలువనుండి మేజరునకు, మేజరునుండి మైనరునకు, అక్కడనుండి పిల్లకాలువకు వాలు చూచి త్రవ్వినప్పుడే మడిలోనికి నీరు వచ్చును. పిల్లకాలువ పూడినచో చివరి భూములు ఎండునని రైతులకు మేము చెప్పనక్కరలేదు.

ఇక అప్పు సంగతి. మిరపకు, ప్రత్తికి కౌలు, విత్తనము, మందులు, కూలి, అన్నియు పంట చేతికి రాకముందే పెట్టవలెను. అప్పు తీరునట్లు ప్రార్థించుచున్నాము సరే, ఎవరికి ఎంత బాకీ, వడ్డీ నూటికి రెండా మూడా, భార్యాభర్తలు కలసి కాగితముపై వ్రాసితిరా? అనేక గృహములలో ఆ లెక్క యజమానునికి తప్ప ఎవరికిని తెలియదు. అతడొక్కడే దానిని మోయుచు రాత్రులు నిద్రలేక గడుపును. ఇట్టి మౌనము కొన్ని కుటుంబములను ఎంత దుఃఖములోనికి దింపెనో మన ప్రాంతమంతటికిని తెలియును. భార్యకు చెప్పుటయే ఏర్పాటులో మొదటి మెట్టని మా అభిప్రాయము. తరువాత హెచ్చు వడ్డీ బాకీని ముందు పెట్టుకొనుడి. గుంటూరు యార్డులో కాయ అమ్మిన దినముననే తీర్చవలసిన సొమ్మును వేరుచేయుడి. ఇంటికి వచ్చిన తరువాత అది నిలువదు. ధర పడిపోయినచో కాగితము మరల తీసి, ఋణదాతతో మాటలాడి, గడువు మార్చుకొనుడి. సిగ్గుపడి దాగవద్దు.

ఈ నెల గృహకూటములలో నెహెమ్యా 2, 3 అధ్యాయములు చదువుడి. మందిరపు కప్పును గూర్చి పెద్దలు కూర్చున్నప్పుడు రేకులు ఎన్ని, మేస్త్రీ ఎవరు, చందా ఏ వీధిలో ఎవరు వసూలు చేయుదురు, పంట పోయినచో ఏమి చేయుదురు అను ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని, ఆ కాగితము ముందుంచుకొని ప్రార్థించుడి.