విచారించి పలుకుడి
(లూకా 1:1–4 చదువుడి)

లూకా విన్నవెంటనే వ్రాయలేదు. మొదటినుండి విచారించిన పిమ్మటనే కలము పట్టెను.

మన సికింద్రాబాదు చెంతనున్న హైదరాబాదులో 1926లో గోలకొండ పత్రిక వెలువడెను. తెలంగాణమున కవులు లేరని ఒకరు విచారింపక వ్రాయగా, సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు నిదర్శనముతో బదులిచ్చిరి. 354 మంది కవులను చేర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి.

మన సంగతి యేమి? ఒక సహోదరినిగూర్చి బావియొద్ద వినిన మాటను ప్రార్థన మనవియని కూటములో చెప్పినయెడల ఆమె మంచిపేరు పోవును. అది అబద్ధమని తరువాత తెలిసినను, ఊరంతయు పాకిన మాటను వెనుకకు తేగలమా? ముందు ఆమెనే అడుగుడి. పొరబడినయెడల, చెప్పిన కూటములోనే నిలిచి ఒప్పుకొనుడి.