నాడి లెక్క వేరు, కెలోరీల లెక్క వేరు

రాబర్ట్‌సన్‌పేటలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఒక అమ్మాయి ఈమధ్య రాత్రి అన్నం మానేసింది. ఎందుకమ్మా అని అడిగాను. "మైదానంలో అంతసేపు పరుగెత్తినా 90 కెలోరీలే ఖర్చయ్యాయని వాచీ చూపిస్తోంది సార్" అంది. ఆ రోజు ఆమెకు చెప్పిన పాఠమే ఇది.

వాచీ కెలోరీలను కొలవదు. చర్మంపై వెలుగు వేసి, రక్తప్రవాహంలోని మార్పులను బట్టి నాడిని లెక్కిస్తుంది. దానికి వయసు, బరువు వంటివి కలిపి కెలోరీలను ఊహిస్తుంది. నిజమైన ఖర్చు తెలియాలంటే శరీరం వాడుకున్న ఆక్సిజన్‌ను కొలవాలి.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 60 మందిపై ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షించారు. నాడి విషయంలో ఆరింటి తప్పు 5 శాతం లోపే. కెలోరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది.

కారణం మన ఊరి గనుల్లోనే ఉంది. 2001లో మూతపడిన ఈ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు. లోపల విపరీతమైన వేడి. అక్కడ కుప్పకూలిన కార్మికుల గురించి క్యాప్లన్ 1944లోనే పరిశోధనా వ్యాసం రాశారు. వేడిలో శరీరాన్ని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. అందువల్ల పని పెరగకపోయినా నాడి పెరుగుతుంది. పరీక్ష హాలులో గుండె దడదడలాడినంత మాత్రాన పరుగెత్తినట్టు కాదు కదా!

వ్యాయామం ఎంత గట్టిగా సాగుతోందో తెలుసుకోవడానికి వాచీని చూడండి. తల్లిదండ్రులకు నా మనవి: ఎదిగే పిల్లల కంచంలో అన్నాన్ని వాచీ అంకె చూసి తగ్గించనివ్వకండి.