మగవాడికీ వయసు లెక్కే

తిరుపతి

చిరంజీవి మునికృష్ణకు పెదనాయన ఆశీస్సులు.

బెంగుళూరు ఇంటి అప్పు తీరేదాకా, అంటే నీకు 42 ఏండ్లు వచ్చేదాకా, బిడ్డల మాట ఎత్తొద్దని రాసినావు. అప్పు లెక్క సరిగ్గానే ఉంది. వయసు చూసుకోవాల్సింది ఆడవాళ్లేగానీ మగవాడికేమన్నావే, ఆ మాటే నాకు ఒప్పుదల కాలేదు. ఆడబిడ్డ అండాలన్నీ పుట్టుకతోనే వస్తాయి. మగవాడికి వీర్యకణాలు ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతాయి, ఒక్కోదానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కొత్తవే కదా, పాతబడేదేముందని అనుకుంటాం. చిక్కు అక్కడే ఉంది. వాటిని పుట్టించే మూలకణాలు ఏండ్ల తరబడి విభజన చెందుతూనే ఉంటాయి; విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్‌ఏకు నకలు తీయాలి, నకలులో తప్పు దొర్లవచ్చు. ఐస్‌లాండ్ కుటుంబాల జన్యువులను పరిశీలించి 2012లో ప్రకటించిన లెక్క ప్రకారం, తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డకు చేరే కొత్త మార్పులు రెండేసి పెరుగుతాయి. వాటిలో చాలావాటితో హాని లేదు. అయినా ఒక రకం మరుగుజ్జుతనం లాంటి అరుదైన జబ్బులు వయసు మళ్లిన తండ్రుల బిడ్డల్లోనే ఎక్కువ.

వీర్యపరీక్షలో కణాల కౌంటు బాగుంటే చాలదా అంటావు. కౌంటు బాగానే రావచ్చు. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో కింది హద్దుగా పెట్టింది. నలభై అయిదు దాటినా దానికి పైన ఉండేవాళ్లు బోలెడుమంది. 90 అధ్యయనాలను కలిపి 2015లో చేసిన సమీక్షలో కూడా వయసుతో కణాల సాంద్రత తగ్గినట్టు తేలలేదు. తగ్గింది వీర్యం పరిమాణం, కణాల కదలిక, సరైన ఆకారం ఉన్న కణాల శాతం. పెరిగింది డీఎన్‌ఏ ముక్కలు కావడం. ఈ చివరిది మామూలు ల్యాబు రిపోర్టులో కనపడదు. తండ్రికి నలభై దాటితే గర్భస్రావాలు కూడా కొంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మన పక్క మాత్రం ఆ నింద కోడలి మీదనే వేస్తారు.

గుంటూరు సంగతి ఎత్తుతావని తెలుసు. 2019 సెప్టెంబరులో అక్కడ డెబ్బై దాటిన ఒకావిడ కవలలను కన్నది, తండ్రికి సుమారు 80 ఏండ్లన్నారు. నిజమే. కానీ ఆ అండం వేరే దాతది, ఫలదీకరణ జరిగింది ల్యాబులో. ఆ ఐవీఎఫ్ పద్ధతి వీర్యకణాన్ని అండం దాకా చేరుస్తుందే కానీ దాని డీఎన్‌ఏను కొత్తది చేయదు. పైగా ఇప్పుడు ఆ దారి కూడా అందరికీ లేదు: 2021 చట్టం ప్రకారం ఈ వైద్యానికి ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏండ్లే హద్దు.

బెదిరించడానికి రాయడం లేదు నాయనా. నలభై దాటిన తండ్రులకు పుట్టే బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. తల్లి వయసు ప్రభావం ఇంతకన్నా ఎక్కువ, అదీ ఒప్పుకుంటాను. అయితే నీకు 42 వచ్చేనాటికి కోడలికి 38. రెండు ఆలస్యాలూ కలిసి పడతాయి. ముందు ఆ సిగరెట్టు మాను. ప్రయత్నించిన ఏడాదికీ, కోడలికి 35 దాటినాక అయితే ఆరు నెలలకే, గర్భం రాకపోతే ఇద్దరూ ఒకేసారి పరీక్షకు పోండి. ఆమెను ఒంటరిగా ప్రసూతి ఆసుపత్రికి పంపి నువ్వు కొండకు మొక్కుకోవడం న్యాయం కాదు. వీర్యపరీక్షకు సూది కూడా గుచ్చరు. అప్పు గడువు పొడిగించమని బ్యాంకును అడుగు. సంక్రాంతికి వచ్చేలోగా కోడలితో కూర్చుని మాట్లాడి, ఏమనుకున్నారో నాకు రాయి.

మీ పెదనాయన