వాయిదా కట్టడానికి అప్పు చేయకండి

అప్పులవాళ్లతో కుదుర్చుకున్న సెటిల్‌మెంట్ వాయిదా కట్టడానికి మళ్లీ ఎవరి దగ్గరైనా పైసలు మిత్తికి తెచ్చారా? అయితే మీ సెటిల్‌మెంట్ ఆ రోజే చెడిపోయింది. బ్యాంకు కాగితాల్లో అది ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ‘మాట మీద నిలబడ్డాడు’ అని అప్పులవాళ్లు మెచ్చుకుంటూ ఉండొచ్చు. అసలు సంగతి మీకు తెలుసు. తెలిసీ నెలనెలా ఆ సెటిల్‌మెంట్‌ను లాక్కొస్తున్నారు.

ఇంద్రేశంలో, ఇటు ముత్తంగి, ఇస్నాపూర్‌లలో పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలను నమ్ముకుని సొంతంగా పని చేసుకునే వాళ్లకు ఈ మాట మొహం మీదే చెప్పాలి. ఒక లేత్, ఒక మిల్లింగ్ మిషన్, ఇద్దరు పనివాళ్లతో జాబ్ వర్క్ చేసేవాళ్లు. ఫ్యాబ్రికేషన్ కాంట్రాక్టులు పట్టేవాళ్లు. సొంత బండి ఫ్యాక్టరీకి తిప్పేవాళ్లు. బోర్డు మీద ‘ఎంటర్‌ప్రైజెస్’ అని రాసుకున్నా వీళ్లలో చాలామంది ప్రొప్రైటర్లే. ప్రొప్రైటర్ అంటే చట్టం దృష్టిలో షాపూ మనిషీ వేరు కాదు. షెడ్డు కోసం చేసిన అప్పుకు ఇల్లూ, ప్లాటూ, బ్యాంకులో దాచుకున్నదీ అన్నీ జవాబు చెప్పాలి. అందుకే ఇక్కడ ఆలస్యం ఖరీదైనది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన షెడ్డే, అంకెలు మాత్రం మీ అంకెలకు దగ్గరగానే ఉంటాయి. జీఎస్టీ పక్కన పెడితే నెల బిల్లింగ్ 1,60,000. షెడ్డు కిరాయి 28,000, కరెంటు 22,000, ఇద్దరి జీతాలు 38,000, టూల్స్, ఆయిల్, రిపేర్లు 17,000. మిగిలింది 55,000. ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు, తిండి కలిపి 40,000. అంటే అప్పులకు ఇవ్వగలిగింది 15,000. కానీ పెద్దమనుషుల మధ్య కూర్చున్నప్పుడు ఆ షెడ్డు ఓనర్ ఒప్పుకున్నది నెలకు 40,000! తక్కువపడ్డ 25,000 నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టాడు. ఏడాది తిరిగేసరికి పాత బాకీల్లో 4,80,000 కట్టినట్టే. కొత్త అప్పు మాత్రం అసలు 3,00,000, మిత్తి దాదాపు 58,500. అంటే నికరంగా తగ్గిన భారం 1,21,500 మాత్రమే. మొదటి రోజే ‘నాకు చేతనయ్యేది పదిహేను వేలే’ అని ఉంటే ఏ కొత్త అప్పూ లేకుండా 1,80,000 కట్టేవాడు. పరువు కోసం ఎక్కువ ఒప్పుకున్నందుకు తీరిన అప్పు తక్కువ. ఈ లెక్క మీ అంకెలతో ఈ రాత్రే వేసుకోండి.

ఎక్కువ ఎందుకు ఒప్పుకుంటాం? ఎదురుగా కూర్చున్నది బామ్మర్ది, చిట్టీల సేటు, పక్క షెడ్డు యజమాని. ఆ గదిలోంచి త్వరగా బయటపడాలనిపిస్తుంది. రాబోయే ఆర్డర్‌ను వచ్చేసిన డబ్బుగా లెక్కేస్తాం. తక్కువ అంకె చెప్పడం చిన్నతనం అనుకుంటాం. నా దృష్టిలో స్వయం ఉపాధిలో ఉన్నవాడికి కావలసిన మొదటి ధైర్యం చిన్న అంకెను తల ఎత్తి చెప్పగలగడమే.

చెప్పడం ఇంట్లో మొదలుపెట్టండి. భార్యకు తెలియకుండా ఆమె నగలు తాకట్టులో ఉన్నాయంటే ముందు ఆ మాట చెప్పాలి. తర్వాత ఇద్దరూ కూర్చుని పెద్ద కాగితం మీద అందరి పేర్లూ రాయండి: బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ, చిట్టీ, ప్రామిసరీ నోట్లు, మెటీరియల్ సప్లయర్, కిరాయి బాకీ, జీఎస్టీ, పనివాళ్ల పీఎఫ్. ఒక్కొక్కరి ఎదుట అసలు ఎంత, మిత్తి ఎంత, తాకట్టు ఏమిటి, జమానతు సంతకం ఎవరిది అని రాయండి. ఈ చివరి గడి చాలా ముఖ్యం. ఎందుకో కింద చెబుతాను. జీఎస్టీ, పీఎఫ్ డబ్బు వాయిదాలకు మళ్లిస్తుంటే వెంటనే ఆపండి. అది మీ డబ్బు కాదు.

ఇక అప్పులవాళ్ల దగ్గరికి వాళ్లు రాకముందే మీరు వెళ్లండి. చెప్పాల్సింది నాలుగు ముక్కలే: “అన్నా, నెలకు నలభై వేలు కడతనని ఒప్పుకున్న. నా షెడ్డు పదిహేను వేల కంటె ఎక్కువ ఇస్తలేదు. ఇగో ఆరు నెలల బిల్లులు, కరెంటు రసీదులు. అందరికీ ఇదే మాట చెప్తున్న, ఒకలకు ముందు, ఒకలకు ఎనక లేదు.” బతిమాలొద్దు, కొత్త తేదీలు ఇవ్వొద్దు. కాగితాలు ముందు పెట్టండి.

మీకు రావలసిన డబ్బు సంగతీ చూడండి. ఫ్యాక్టరీల నుంచి బిల్లులు మూడేసి నెలలు రాక మునిగినవాళ్లు ఈ బెల్టులో తక్కువేం కాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు, జాబ్ వర్క్ చేసేవాడికి 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ‘పార్టీ పోతుందేమో’ అన్న భయం నిజమే. కానీ డబ్బివ్వని పార్టీకి మీ మిత్తి పైసలతో సరుకు చేసిపెట్టడం ఇంకెన్నాళ్లు?

బ్యాంకు అప్పయితే 90 రోజులు బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. అంతకంటే ముందే, ఇబ్బంది కనపడగానే, అప్పును తిరగరాయమని బ్యాంకు కమిటీని మీరే అడగొచ్చు. 25 కోట్ల లోపు లోన్లున్న చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2015లో, రిజర్వ్ బ్యాంక్ 2016లో ఈ పద్ధతిని పెట్టాయి. లిఖితపూర్వకంగా అడగండి, ముద్ర వేయించుకున్న కాపీ ఉంచుకోండి. మరీ దాటిపోతే వన్ టైమ్ సెటిల్‌మెంట్ ఉంది. ప్లాటు ఉంటే అమ్మడానికి ఇదే సమయం. ఇంద్రేశం చుట్టూ స్థలాల ధరలు పెరగడం చూసి ‘ఇంకో ఏడాది ఆగుదాం’ అనుకుంటారు. ఆగిన ఏడాదిలో మిత్తి ఆ పెరుగుదలను తినేయొచ్చు. సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి వేలానికి పెట్టేదాకా ఉంటే ధర మీ చేతిలో ఉండదు. మార్కెట్ రేటుకు, బ్యాంకు ద్వారానే డబ్బు తీసుకుని మీరే అమ్మండి.

ఇన్ని చేసినా లెక్క కుదరకపోవచ్చు. అన్ని అప్పులూ కలిపి 22 లక్షలు, సగటు మిత్తి నూటికి రెండు అనుకోండి. నెలకు మిత్తే 44,000. మీ దగ్గర ఉన్నది 15,000. జీవితాంతం కట్టినా అసలు తరగదు. అలాంటప్పుడు అప్పులవాళ్లు ఒప్పుకోకపోతే చట్టం దారి ఉంది, దివాలా పిటిషన్. దాన్నే మనవాళ్లు ఐపీ పెట్టడం అంటారు.

దివాలా అనగానే 2016 నాటి కొత్త చట్టం గుర్తొస్తుంది. అందులో వ్యక్తుల కోసం అధ్యాయం ఉన్నా, 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే. మామూలు ప్రొప్రైటర్‌కు ఇప్పటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అందుకు వెళ్లాల్సింది జిల్లా స్థాయి కోర్టుకు, మనకైతే సంగారెడ్డికి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే మీ ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళుతుంది. ఆ తర్వాత అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా బాకీ కోసం విడిగా దావా వేయలేరు. అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు వంటివి సివిల్ ప్రొసీజర్ కోడ్ మినహాయించినవే. అక్కడ కూడా రాజీ ప్రతిపాదన పెట్టొచ్చు. అప్పులవాళ్ల సంఖ్యలో ఎక్కువమంది, అప్పు విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి, కోర్టు ఆమోదించాలి. ఆ వాయిదా కూడా తప్పితే కోర్టు మళ్లీ దివాలాదారుగా ప్రకటించగలదు. అందుకే అక్కడైనా చేతనయ్యే అంకెనే చెప్పండి.

ఐపీ ఆపలేనివి ముందే తెలుసుకోండి. తాకట్టు ఉన్న ఆస్తిపై బ్యాంకు హక్కు పోదు. చెక్ బౌన్స్ కేసు ఆగదు, కాబట్టి ఖాళీ చెక్కులు ఇవ్వడం ఈరోజే మానేయండి. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు దివాలా నుంచి కోర్టు ఇచ్చే విడుదల ఉత్తర్వుతో కూడా తీరవు. మీకు జమానతు ఉన్నవాళ్లూ బయటపడరు. ఆ కాగితంలో చివరి గడి ముఖ్యమన్నది ఇందుకే. బావ సంతకం ఉంటే పిటిషన్ సంగతి ఆయన లాయరు నోటీసు చూసి కాదు, మీ నోటితోనే వినాలి.

ఊళ్లో ఐపీకి చెడ్డపేరు ఉంది. ఆస్తి భార్య పేర రాసి, లెక్కలు దాచి, రాత్రికి రాత్రి ఊరు విడిచినవాళ్ల వల్ల వచ్చిన పేరు అది. మీరు ఆ దారి పట్టకండి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో చేసిన గిఫ్ట్ డీడ్‌ను కోర్టు చెల్లదనగలదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒకరికి మేలు చేయాలని ముందుగా ఇచ్చిన డబ్బూ అంతే. ఆస్తి, పుస్తకాలు దాస్తే ఏడాది దాకా జైలు. ఇక కట్టలేకపోవడం ఒక్కటే జైలుకు కారణం కాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగా లేనివాడికీ, ఉండి ఎగ్గొట్టేవాడికీ చట్టం తేడా చూస్తుంది. ఆ తేడా మీ కాగితాల్లో కనపడాలి.

అమెరికా రచయిత మార్క్ ట్వైన్ పబ్లిషింగ్ సంస్థ 1894లో కూలిపోయింది. తర్వాత ఆయన ప్రపంచమంతా తిరుగుతూ ఉపన్యాసాలిచ్చాడు. 1896లో మన దేశానికీ వచ్చాడు. 1898 నాటికి అందరికీ పూర్తిగా కట్టేశాడు. ముందు చేతులెత్తేశాడు, ఆపై సంపాదించాడు, చివర్లో కట్టాడు. ఈ వరస తిరగేసినవాళ్లే ఎక్కువ నలుగుతున్నారు.

అప్పులు ఇలా మీద పడిన రోజుల్లో నిద్ర పట్టదు. బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ రికవరీ మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. చేస్తే తేదీ, సమయం రాసి ఫిర్యాదు చేయండి. చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే 14416 టెలిమానస్‌కు చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. ఇది అప్పు. దీనికి కోర్టు ఉంది, లెక్క ఉంది, ముగింపు ఉంది.

షెడ్డు మూయాల్సివస్తే పనివాళ్లకు ముందే చెప్పి వాళ్ల జీతం ఇచ్చేయండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టి చివరి రిటర్న్ వేయండి. కరెంటు కనెక్షన్ వదిలేసి పోకండి, నడవని మిషన్ మీదా ఫిక్స్‌డ్ చార్జీలు పడుతూనే ఉంటాయి. సీఎన్‌సీ ఆపరేటర్‌గానో, సూపర్‌వైజర్‌గానో పాశమైలారంలో జీతానికి చేరండి. నిన్నటిదాకా ఓనర్ అయినంత మాత్రాన ఇవాళ చేతిపని చిన్నదైపోదు. అప్పు మాత్రం చెప్పకుండా చేయకండి. దివాలా నుంచి విడుదల కానివాడు ఆ సంగతి చెప్పకుండా యాభై రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే, ఆరు నెలల దాకా శిక్ష ఉంటుంది.

ఆ విడుదల దానంతట అది రాదు. దివాలా ఉత్తర్వులోనే ఎంతలోపు విడుదలకు దరఖాస్తు చేయాలో కోర్టు రాస్తుంది. గడువు దాటితే ఆ ఉత్తర్వే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ మీ మీదికి రావచ్చు. లాయరు గుర్తు చేస్తాడులే అనుకోకుండా ఆ తేదీని మీ ఇంటి క్యాలెండర్ మీద మీరే రాసుకోండి, నెల ముందే సంగారెడ్డి వెళ్లండి.